ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్క గంట ఆగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. బ్రౌజర్ తెరిస్తే యాడ్స్, మూసినా యాడ్స్, మూలకు యాడ్స్. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు జరిపి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. మొదటిది పెద్దది. మీ ఇంట్లో కంప్యూటర్‌కు ఇదే జబ్బు ఉంటే దాన్ని ముందు పెట్టుకుని చదవండి.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకుంటున్నా. మూడు కంప్యూటర్లు ఉన్నాయి. అందులో ఒకదాంట్లో నెల రోజుల నుంచి క్రోమ్ తెరవగానే గూగుల్ బదులు పేరు కూడా తెలియని సెర్చ్ పేజీ వస్తోంది. ఏ వెబ్‌సైట్ తెరిచినా పక్కన, కింద, మధ్యలో యాడ్స్. స్కాలర్‌షిప్ పేజీలో కూడా ఇంత పెద్ద పచ్చ 'డౌన్‌లోడ్' బటన్ కనిపిస్తోంది, పిల్లలు అదే అసలుది అనుకుని నొక్కుతున్నారు. ఎక్స్‌టెన్షన్స్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పేజీలోకి పోయి చూస్తే తెలియనిది ఒకటి ఉంది గానీ దానికి రిమూవ్ బటనే లేదు, అడ్మినిస్ట్రేటర్ ఇన్‌స్టాల్ చేశారని రాసి ఉంది. దుకాణం నాది, కంప్యూటర్ నాది, మరి ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరన్నా? తెలిసిన మెకానిక్ ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. కొడితే ప్రింటర్, స్కానర్, తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, రెండు రోజులు గిరాకీ పోతుంది. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ. ఫార్మాట్ ఆఖరి మాట, మొదటి మాట కాదు. అయితే పని మొదలుపెట్టే ముందు ఒకటి చెయ్యి: ఆ కంప్యూటర్ మీద ఈ రోజు నుంచే ఎవరినీ పాస్‌వర్డ్ గానీ, కార్డు నంబర్ గానీ కొట్టనివ్వకు. ఎందుకంటే నువ్వు చెబుతున్నది ఉత్త యాడ్స్ లొల్లి కాదు. ఒక ఎక్స్‌టెన్షన్ ప్రతి పేజీలో బటన్ తెచ్చి పెట్టగలుగుతోందంటే, అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి దానికి అనుమతి ఉందన్నట్టే. పేజీలో యాడ్ పెట్టగలిగింది, అదే పేజీలో పిల్లలు కొట్టే ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్ కూడా చదవగలదు. చదువుతోందో లేదో మనకు బయటి నుంచి తెలియదు. నీ దగ్గరికి వచ్చేవాళ్లు నిన్ను నమ్మి కూర్చుంటారు కాబట్టి ఈ మాట ముందు చెప్పాను.

ఇప్పుడు ఆ అడ్మినిస్ట్రేటర్ సంగతి. పెద్ద కంపెనీలు, కాలేజీలు తమ వందల కంప్యూటర్లలో ఒకే తీరు సెట్టింగులు ఉండాలని 'పాలసీ' అనే ఏర్పాటు వాడుకుంటాయి. దాంతో ఒక ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా ఎక్కించొచ్చు, వాడేవాళ్లు తీసేయకుండా కట్టేయొచ్చు. ఏర్పాటు మంచిదే. ఈ యాడ్స్ ప్రోగ్రాములు చేసేవాళ్లు అదే దారిని పట్టుకున్నారు. ఏదో ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టరో, వీడియో డౌన్‌లోడరో ఇన్‌స్టాల్ చేసినప్పుడు నువ్వు 'ఎస్' అన్నావు చూడు, ఆ ఒక్క 'ఎస్'తో అది విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటైన రిజిస్ట్రీలోకి పోయి నీ కంప్యూటర్‌కు తానే అడ్మినిస్ట్రేటర్ అన్నట్టు రాసుకుంది. క్రోమ్‌లో కుడివైపు పైనున్న మూడు చుక్కలు నొక్కి, మెనూ అడుగున చూడు. 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉంటే సంగతి ఇదే. ఒంటి మనిషి దుకాణానికి ఆర్గనైజేషన్ ఎక్కడిది!

శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం, ఎక్కువమంది ఇక్కడే ఆగమవుతారు. ముందు ఎక్స్‌టెన్షన్ మీద పడతారు, తీసేస్తారు, కంప్యూటర్ ఆపి పెడితే మళ్లీ ప్రత్యక్షం. దాన్ని తెచ్చిపెట్టే ప్రోగ్రాము లోపల కూర్చునే ఉంటుంది మరి. అందుకని ముందు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, దాన్ని తేదీల వారీగా పేర్చు. ఈ బాధ ఎప్పుడు మొదలైందో సుమారుగా నీకు గుర్తుంది కదా, నెల కింద అన్నావు. ఆ వారంలో దిగినవి చూడు. నువ్వు పెట్టని పేర్లు, ఏదో 'సెర్చ్' అనో 'అప్‌డేటర్' అనో 'బూస్టర్' అనో ఉన్నవి ఒక్కొక్కటిగా అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. ప్రింటర్ కంపెనీ పేరున్నవి, మైక్రోసాఫ్ట్ పేరున్నవి ముట్టుకోకు.

తర్వాత మాల్వేర్‌బైట్స్ కంపెనీ వాళ్ల ఆడ్వ్‌క్లీనర్ అనే చిన్న టూల్ ఉంది, సరిగ్గా ఈ జబ్బు కోసమే చేసింది, ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసుకుని నొక్కితే నడుస్తుంది. కాకపోతే ఆ కంపెనీ సొంత సైట్ నుంచే దింపుకోవాలి. ఈ జబ్బున్న కంప్యూటర్లో ఆ పేరు సెర్చ్ చేయకు, అది చూపించే మొదటి నాలుగు ఫలితాలు మళ్లీ దాని చుట్టాలే అవుతాయి. పక్కనున్న మంచి కంప్యూటర్లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. దాని తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, అది కూడా ఒకసారి నడిపించు. కంప్యూటర్ దానంతట అదే ఆగి మొదలవుతుంది, పావుగంట పడుతుంది, బుగులు పడకు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి క్రోమ్‌లోనే 'క్లీనప్ కంప్యూటర్' ఉండాలి, నాకు కనిపిస్తలేదేంటని చాలామంది రాస్తున్నారు. దాన్ని గూగుల్ 2023లో తీసేసింది, వెతకొద్దు.

ఇక పాలసీ. క్రోమ్ అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టు. ఒక జాబితా వస్తుంది. అందులో 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' అనే వరస ఉంటే, దాని పక్కన 32 అక్షరాల అర్థం లేని పేరు కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి ఎక్స్‌టెన్షన్ కింద దాని ఐడీ కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, కలిస్తే దొంగ దొరికినట్టే. ఇప్పుడు స్టార్ట్ మెనూలో రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ ఇలా ఒకదాంట్లో ఒకటి తెరుచుకుంటూ పో. ఆ ఫోర్స్‌లిస్ట్ అక్కడ ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ముందు 'ఎక్స్‌పోర్ట్' కొట్టి ఒక కాపీ దాచుకో, ఆ తర్వాతే డిలీట్ చెయ్యి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారిలో ఒకసారి చూడు. ఆ ఒక్కటి తప్ప రిజిస్ట్రీలో వేరే దేన్నీ కదిలించకు. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూస్తే, ఇన్నాళ్లూ లేని రిమూవ్ బటన్ వచ్చి ఉంటుంది, లేదంటే ఆ ఎక్స్‌టెన్షనే మాయమై ఉంటుంది. స్కూలు, ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం ఇది చేయొద్దు. అక్కడ పాలసీ నిజంగానే వాళ్లు పెట్టిందై ఉండొచ్చు, వాళ్లనే అడగాలి.

చివరికి క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంటుంది, కొట్టు. సెర్చ్ ఇంజిన్, మొదటి పేజీ యథాస్థితికి వస్తాయి, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోతాయి, కుకీలు పోతాయి కాబట్టి అన్నిట్లో మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది. బుక్‌మార్కులు, హిస్టరీ, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు.

ఇంత చేసినా పోకపోతే ఒక చోటు మిగిలి ఉంటుంది. అది నేను రెండుసార్లు తప్పిపోయిన చోటు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. జడ్చర్లలో మా బావ విత్తనాల దుకాణం కంప్యూటర్‌కు ఇదే రోగం పట్టింది. ఆదివారం పోయి అన్నీ తీసేసి, తళతళా చేసి పాలమూరు వచ్చేశాను. సాయంత్రానికి ఫోన్, "బావా, మళ్లొచ్చింది." ఇంకో ఆదివారం పోయాను, మళ్లీ అంతా చేశాను, ఎక్కడా ఏమీ లేదు. నేను క్రోమ్ తెరిస్తే గూగుల్ వస్తోంది, బావ తెరిస్తే మాత్రం ఆ దరిద్రపు పేజీ వస్తోంది. ఇద్దరం ఒకే క్రోమ్ తెరుస్తున్నాం, మరి తేడా ఎక్కడ? పక్కన నిలబడి ఆయన చెయ్యి చూశాను. నేను స్టార్ట్ మెనూలోంచి తెరుస్తున్నా, ఆయన డెస్క్‌టాప్ మీది బొమ్మ నొక్కుతున్నాడు. ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' అనే గడి చూశాను. గడి చిన్నది, పేరు పొడుగు, కాబట్టి మొదటి సగమే కనిపిస్తుంది. కర్సర్‌ను చివరి దాకా జరుపుకుంటూ పోతే, క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ అయిపోయి కోట్ గుర్తు పడ్డాక, ఒక ఖాళీ వదిలి ఆ వెబ్‌సైట్ పేరు అతికించి ఉంది. అంతే. ఆ తోక కత్తిరించాక మళ్లీ రాలేదు. టాస్క్‌బార్ మీది బొమ్మకు కూడా ఇదే ఉండొచ్చు, పాతవి తీసేసి కొత్తగా పెట్టుకోవడం మేలు.

నీది నెట్ సెంటర్ కాబట్టి ఇంకొక్క మాట, నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం. గిరాకీ వచ్చి జీమెయిల్ తెరిచినప్పుడు క్రోమ్ 'సింక్ ఆన్ చేయాలా' అని అడుగుతుంది, పాపం వాళ్లు చదవకుండా సరే అంటారు. దాంతో వాళ్లింటి కంప్యూటర్లో ఉన్న ఎక్స్‌టెన్షన్లు నీ దుకాణంలోకి దిగుతాయి, వాళ్ల పాస్‌వర్డ్‌లు కూడా నీ దగ్గర మిగిలిపోతాయి. రెండు వైపులా నష్టమే. పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే 'గెస్ట్' అని ఉంటుంది. కస్టమర్లను ఎప్పుడూ గెస్ట్ విండోలోనే కూర్చోబెట్టు. అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు, ప్రింట్ మామూలుగానే వస్తుంది, విండో మూయగానే లాగిన్లు, హిస్టరీ తుడిచిపెట్టుకుపోతాయి. హాల్‌టికెట్ల రోజు దుకాణం ముందు లైను కట్టినప్పుడు కూడా ఈ పద్ధతి విడవకు. దింపిన ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అట్లాగే ఉంటాయి, రాత్రి షట్టర్ దించే ముందు అవి నువ్వే తీసేయాలి. ఎవరి పదో తరగతి మెమోనో, ఎవరి ఆధార్ కాపీనో రేపు ఇంకొకరికి కనిపించొద్దు కదా.

ఆ కంప్యూటర్ విండోస్ 7ది అయితే మాత్రం మెకానిక్ మాటే విని, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేయించుకోవాల్సి వస్తుంది. క్రోమ్ ఆ విండోస్‌కు 2023 నుంచి కొత్త వెర్షన్లు ఇవ్వడం లేదు, ఎంత శుభ్రం చేసినా తలుపు తెరిచి పడుకున్నట్టే.

ప్రశ్న: నేను వనపర్తిలో టీచర్‌ని. ల్యాప్‌టాప్‌లో కుడివైపు కింద మూలకు ఊరికే చిన్న డబ్బాలు వస్తున్నాయి. 'మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి', 'మీ యాంటీవైరస్ గడువు ముగిసింది' అని ఎర్రగా రాసి ఉంటుంది. మొన్న ఒకటి నొక్కితే స్క్రీన్ అంతా నిండి, బీప్ శబ్దం, ఒక ఫోన్ నంబర్. చాలా టెన్షన్ పడ్డాను. ఎక్స్‌టెన్షన్లు చూస్తే ఒక్కటీ లేదు. ఇది ఎక్కడి నుంచి వస్తోందండీ?

జవాబు: టీచర్ గారూ, మీ ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టిందని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. ఆ డబ్బా ఈసారి వచ్చినప్పుడు మీద రాసింది వదిలేసి, చిన్న అక్షరాలు చూడండి. గూగుల్ క్రోమ్ అని, పక్కనో కిందో ఒక వెబ్‌సైట్ పేరు ఉంటుంది. అంటే అది విండోస్ పంపిన హెచ్చరిక కాదు, ఒక వెబ్‌సైట్ పంపుతున్న నోటిఫికేషన్. దానికి అనుమతి ఎప్పుడిచ్చామా అంటారా? ఏదో పాఠం బొమ్మ కోసమో, పాత ప్రశ్నపత్రం కోసమో వెతుకుతుంటే 'మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి' అని వచ్చి ఉంటుంది. నిజమైన రోబో పరీక్ష నోటిఫికేషన్ అనుమతి అడగదు. బస్సుల ఫొటోలో గడులు నొక్కమంటుంది, లేదా చిన్న డబ్బాలో టిక్ పెట్టమంటుంది, అంతవరకే.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా కింద కనిపిస్తుంది. తెలియని పేర్లన్నీ తీసేయండి. పై భాగంలో నోటిఫికేషన్లు పంపనివ్వమని సైట్లు మిమ్మల్ని అడగకుండా ఆపే ఎంపిక ఉంటుంది, అది పెట్టేస్తే ఇక ఎవరూ అడగరు. నేను మా ఇంట్లో అన్నిట్లో అదే పెట్టాను, ఏ ఇబ్బందీ రాలేదు.

స్క్రీన్ నిండిపోయినప్పుడు ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి కొట్టి టాస్క్ మేనేజర్‌లో క్రోమ్‌ను ఆపేయండి. తిరిగి తెరిచాక పాత పేజీలు మళ్లీ తెరవాలా అని అడిగితే వద్దనండి. ఆ నంబర్‌కు ఫోన్ మాత్రం చేయకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని ఆ కంపెనీయే చెబుతుంది. ఫోన్ చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి స్క్రీన్ చూపించే యాప్ పెట్టించుకుంటాడు, మీరే బ్యాంకు తెరిచేదాకా వదలడు. మీ స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికే ఎవరైనా అట్లా ఫోన్ చేసి పైసలు పోగొట్టుకుని ఉంటే, సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఉంటుంది.

ప్రశ్న: నాయనా, గద్వాలలో చీరల వ్యాపారం నాది. ఆర్డర్లన్నీ కంప్యూటర్లోనే చూసుకుంటా. యాడ్స్ ఆపడానికి మా అబ్బాయి ఒక యాడ్ బ్లాకర్ పెట్టాడు, పెట్టినప్పటి నుంచి యాడ్స్ ఎక్కువైనాయి. ఏది పెట్టుకోవాలి?

జవాబు: బాబాయ్ గారూ, ముందు ఆ పెట్టింది తీసేయించండి. యాడ్ బ్లాకర్ పేరుతో యాడ్స్ వేసేవి చాలా ఉన్నాయి. 2017లో క్రోమ్ సొంత స్టోర్‌లోనే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే పేరున్న బ్లాకర్‌కు నకిలీ ఒకటి చేరింది, గూగుల్ తీసేసేలోపు 37 వేలమందికి పైగా పెట్టుకున్నారు. గద్వాల చీర అని చెప్పి మర మీద నేసింది అమ్మేవాళ్లు మీకు బాగా తెలుసు, ఇదీ అదే పద్ధతి. పేరు ఒకటే ఉంటుంది, అంచు పట్టి చూస్తే గానీ తెలియదు. ఇక్కడ అంచు అంటే కింద చిన్నగా ఉండే తయారుచేసినవాళ్ల పేరు.

నేను నమ్మి చెప్పేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన చేసింది, డబ్బులు అడగదు, విరాళం కూడా అడగదు. 'ఆరిజిన్' అనే మాట లేని యూబ్లాక్ వేరు, అది ఆయనది కాదు. చిక్కు ఎక్కడంటే, క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చడంతో 2024, 2025ల్లో అది క్రోమ్‌లో ఆగిపోయింది. క్రోమే కావాలంటే అదే ఆయన చేసిన 'లైట్' రకం పెట్టుకోవచ్చు, అసలుదంత బలం ఉండదు గానీ పని నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అసలుది పూర్తిగా పనిచేస్తోంది. మీ ఆర్డర్ల పని ఫైర్‌ఫాక్స్‌కు మార్చుకుంటే సుఖం అని నా మాట.

ఇంకొకటి, మంచి ఎక్స్‌టెన్షన్ కూడా చేతులు మారుతుంది. ది గ్రేట్ సస్పెండర్ అని 20 లక్షలమంది వాడినది ఒకటి ఉండేది, వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చేది, నిజంగా మంచిది. చేసినాయన 2020లో దాన్ని ఇంకెవరికో అప్పజెప్పాడు, 2021 ఫిబ్రవరిలో అందులో మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము ఉందని చెప్పి గూగుల్ దాన్ని అందరి కంప్యూటర్లలో ఆపేసింది. అందుకని సీజన్ మారినప్పుడు గల్లాపెట్టె లెక్క చూసుకున్నట్టు ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా తెరిచి, వాడనివి తీసేయించండి. మూడు నాలుగుకు మించి ఎవరికీ అవసరం ఉండవు.

ప్రశ్న: అన్నయ్యా, నేను దేవరకొండలో డిగ్రీ చదువుతున్నా. నా ఫోన్‌లో క్రోమ్ తెరవకపోయినా, లాక్ తీయగానే స్క్రీన్ నిండా యాడ్ వస్తోంది. క్రోమ్ డేటా మొత్తం క్లియర్ చేసినా తగ్గలేదు. క్రోమ్‌లోని ఎక్స్‌టెన్షన్ ఎట్లా తీసేయాలి?

జవాబు: చెల్లెమ్మా, ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు ఉండవు, కాబట్టి అక్కడ వెతికితే దొరకదు. క్రోమ్ తెరవకుండానే వస్తోందంటే అది ఇంకో యాప్ పని. టార్చ్, వాల్‌పేపర్, క్యూఆర్ స్కానర్, ఫోన్ క్లీనర్ లాంటివాటిని ముందు అనుమానించు. యాడ్ స్క్రీన్ మీద ఉండగానే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కు, ఆ యాడ్ ఏ యాప్ పేరుతో ఉందో చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. కొన్ని పేరు, బొమ్మ లేకుండా తెల్లగా ఉంటాయి, అట్లా ఉంటే దాదాపు దొరికినట్టే. సెట్టింగ్స్‌లో 'డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్' అని వెతికితే, మిగతావాటి మీద పడి కనిపించే అనుమతి ఎవరెవరికి ఉందో వస్తుంది. టార్చ్‌కు ఆ అనుమతి ఎందుకు? ముందు అనుమతి తీసెయ్యి, తర్వాత యాప్ తీసెయ్యి. అన్‌ఇన్‌స్టాల్ కాకుండా మొండికేస్తే, 'డివైస్ అడ్మిన్ యాప్స్' అనే చోట దాని టిక్ తీసి మళ్లీ ప్రయత్నించు.

ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి కూడా చూడొచ్చు. అందులో మనం పెట్టుకున్న యాప్‌లు నడవవు, యాడ్స్ ఆగిపోతే నిందితుడు వాటిలోనే ఉన్నాడని తేలుతుంది. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ అనే మాటను నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. ఏ యాప్ దొరికిందో, అది ఎక్కడి నుంచి దింపుకున్నావో నాకు రాయి. మీ క్లాసులో ఇంకా ఎవరి ఫోన్లలో ఉందో కూడా అడుగు, ఒకరు లింకు పంపితే పదిమంది పెట్టుకుని ఉంటారు.